ఐదు డాలర్ల ట్యాగ్.. ఒకే బీచ్‌లో మూడు దశాబ్దాలు! సముద్ర తాబేళ్ల గుట్టు విప్పిన ప్రొఫెసర్ ఆర్చీ కార్ కథ

జూన్ 16 ప్రపంచ సముద్ర తాబేళ్ల దినోత్సవం. క్యాలెండర్‌లో ఖాళీగా ఉందని ఈ తేదీని ఎంచుకోలేదు. అది ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ పుట్టినరోజు. ఆయన పేరు ఆర్చీ కార్.

మన కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం తీరాలకు ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. బుజ్జి పిల్లలను సముద్రంలోకి వదిలే వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. మరి ఆ తల్లి తాబేలు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పిల్ల నీళ్లలోకి దిగాక ఎటు పోయింది? 70 ఏళ్ల కిందట ఈ ప్రశ్నలకు సైన్స్ దగ్గర సరైన జవాబే లేదు. తాబేళ్లను కోసి అమ్ముకునే వాళ్లకు ఉన్నంత సమాచారం కూడా ప్రొఫెసర్ల దగ్గర లేని రోజులవి. ఆ పరిస్థితి మారిందంటే అందులో ఆర్చీ కార్ పాత్ర చాలా పెద్దది.

ఇంతకీ ఎవరీయన?

అమెరికాలోని అలబామా రాష్ట్రం, మొబీల్ పట్టణంలో 1909లో పుట్టారు. తండ్రి చర్చిలో పాస్టర్. కాలేజీలో మొదట పట్టుకున్నది ఇంగ్లిష్ సాహిత్యం. చదువుకునే రోజుల్లోనే చేతి ఎముకకు ఇన్ఫెక్షన్ సోకి, వరుసగా ఆపరేషన్లు అయ్యాయి. మోచేయి శాశ్వతంగా బిగుసుకుపోయింది. ఆ చేత్తోనే తర్వాత వందల కిలోల తాబేళ్ల మధ్య పని చేశారు.

ఫ్లోరిడా యూనివర్సిటీలో బయాలజీలోకి మారి 1937లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అదే ఏడాది మార్జొరీ హారిస్‌తో పెళ్లయింది. ఆమె గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. పక్షులపై పరిశోధన చేయాలన్నది ఆమె కోరిక. కానీ మహిళ అన్న కారణంగా పై చదువుకు సీటు దొరక్క ఇబ్బంది పడ్డారు. తర్వాతి కాలంలో ఫ్లోరిడాను అడ్డంగా చీల్చే భారీ కాలువ ప్రాజెక్టుపై ఏళ్ల తరబడి పోరాడారు. 1971లో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఆ పనులు ఆపించారు. అంటే ఆ ఇంట్లో పర్యావరణం కోసం కొట్లాడింది ఒక్క ప్రొఫెసర్ గారే కాదన్నమాట.

1945 నుంచి నాలుగేళ్లు ఈ జంట హోండురస్‌లోని వ్యవసాయ కళాశాలలో ఉంది. కరీబియన్ తీరం కార్‌కు బాగా పరిచయమైంది అక్కడే. తిరిగొచ్చాక 1952లో తాబేళ్లపై పెద్ద పుస్తకం తెచ్చారు. అది రాస్తున్నప్పుడే ఆయనకు ఒక విషయం అర్థమైంది. చెరువు తాబేళ్ల గురించి పేజీలకు పేజీలు రాయొచ్చు కానీ, సముద్ర తాబేళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్నది చాలావరకు జాలర్ల కబుర్లే.

దాంతో ఆ జాలర్ల దగ్గరికే వెళ్లారు. ఊరూరూ తిరిగి, పడవల వాళ్లతో కూర్చుని, మాంసం అమ్మేవాళ్లను కదిపి సమాచారం సేకరించారు. ఆ ప్రయాణాలపై రాసిన 'ది విండ్‌వర్డ్ రోడ్' 1956లో వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లిష్ సాహిత్యం చదివిన మనిషి కదా, పుస్తకం సైన్స్ తెలియని వాళ్లనూ కట్టిపడేసింది. పచ్చ తాబేలు అంతరించిపోయే దారిలో ఉందన్న హెచ్చరికా అందులో ఉంది. జాషువా పవర్స్ అనే పబ్లిషర్ అది చదివి, కాపీలు కొని స్నేహితులకు పంచారు. అలా మొదలైన చిన్న బృందమే 1959లో కరీబియన్ కన్జర్వేషన్ కార్పొరేషన్ అనే సంస్థ అయింది. సైన్స్ బాధ్యత మొత్తం కార్‌దే.

టోర్టుగెరోలో ఏం జరిగేదంటే..

కోస్టారికాలో కరీబియన్ వైపు 22 మైళ్ల నల్ల ఇసుక బీచ్ అది. పేరుకు అర్థమే తాబేళ్ల చోటు. రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి పచ్చ తాబేళ్లు ఒడ్డెక్కేవి. అప్పటికే అక్కడ బీచ్‌ను మైళ్ల లెక్కన పంచుకుని మనుషులు కాపు కాసేవారు. తాబేలు పైకి రాగానే వెల్లకిలా తిప్పేసేవారు. అలా తిప్పితే అది కదల్లేదు. తెల్లారాక పడవ ఎక్కించేవారు. మాంసం, గుడ్లు, సూప్ కోసం పొట్ట కింది పొర.. అన్నింటికీ గిరాకీ ఉండేది. గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లినే ఎత్తుకెళ్తే ఇక తర్వాతి తరం ఎక్కడిది?

1955లో కార్ అక్కడ ట్యాగింగ్ మొదలుపెట్టారు. మొదట డిప్పకు రంధ్రం వేసి తీగతో ట్యాగ్ కట్టారు. అవి ఊడిపోయాయి. తర్వాత పశువుల చెవులకు వేసే లోహపు ట్యాగ్‌ను తాబేలు ముందు రెక్కకు బిగించారు. దానిపై ఒక నంబరు, ఫ్లోరిడా యూనివర్సిటీ బయాలజీ విభాగం అడ్రస్, తిరిగి పంపితే బహుమతి అన్న మాట. బహుమతి 5 డాలర్లు. ఆ రోజుల్లో ఒక జాలరికి చిన్న మొత్తమేం కాదు.

ఉత్తరాలు రావడం మొదలైంది. ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు అన్న వివరాలతో ట్యాగ్‌లు గెయిన్స్‌విల్ క్యాంపస్‌కు చేరేవి. ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. ట్యాగ్ తిరిగొచ్చిందంటే చాలాసార్లు ఆ తాబేలును ఎవరో కోసేశారని అర్థం. సైన్స్‌కు అందిన ఒక్కో చుక్క వెనక ఒక చావు ఉంది.

ఆ చుక్కలన్నీ మ్యాప్ మీద పెడితే ఎక్కువ భాగం నికరాగ్వా తీరంలోని మిస్కిటో దీవుల దగ్గర పడ్డాయి. అక్కడి సముద్రపు గడ్డి తినడానికి తాబేళ్లు వెళ్తున్నాయి. అంటే ప్రసవం కోస్టారికాలో, తిండి నికరాగ్వాలో. ఒక్క దేశం చట్టం చేస్తే సరిపోదని తేలిపోయింది. కోస్టారికా బీచ్‌ను కాపాడుతుంటే, 1960ల చివర్లో నికరాగ్వాలో తాబేలు మాంసం ఫ్యాక్టరీలు తెరిచారు. అటు కాపలా, ఇటు కోత!

ఇంకో సంగతీ బయటపడింది. ఆడ తాబేలు ఏటా రాదు. రెండు మూడేళ్లకోసారి వస్తుంది, మళ్లీ ఆ బీచ్‌కే వస్తుంది. గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పాతికేళ్లకు పైనే పట్టొచ్చు. ఇప్పుడు లెక్క వేయండి. ఈ రోజు కాపాడిన పిల్ల తల్లయి ఒడ్డెక్కే లోపు ఎన్ని ప్రభుత్వాలు మారిపోతాయో! మూడేళ్ల ప్రాజెక్టు నిధులతో తాబేలు సంఖ్య పెరిగిందో తగ్గిందో కూడా చెప్పలేం. కార్‌కు యూనివర్సిటీ ఇచ్చిన అసలు సాయం ఇక్కడే కనిపిస్తుంది. ల్యాబ్, జీతం సరే.. 1959లో పరిశోధనకే ఎక్కువ సమయం దక్కే ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. ఏటా అదే బీచ్‌కు వెళ్లొస్తానంటే అడ్డు చెప్పలేదు. వెంట తీసుకెళ్లడానికి విద్యార్థులు ఎలాగూ ఉన్నారు.

తప్పులూ చేశారు

కార్ అన్నీ సరిగ్గానే చేశారనుకుంటే పొరపాటు. 1959 ప్రాంతంలో 'ఆపరేషన్ గ్రీన్ టర్టిల్' మొదలైంది. టోర్టుగెరోలో పుట్టిన పిల్లలను అమెరికా నేవీ విమానాల్లో ఎక్కించి కరీబియన్‌లోని వేరే తీరాల్లో వదిలేవారు. తాబేళ్లు మాయమైన చోట మళ్లీ వాటి వంశం నిలబడుతుందన్నది ఆశ. ఏటా వేల పిల్లలను మోశారు. పత్రికల్లో బ్రహ్మాండంగా వచ్చింది. కానీ కొత్త చోట గుడ్లు పెట్టే గుంపు ఏర్పడిన దాఖలా దొరకలేదు. ఆ పథకాన్ని ఆపేశారు.

తాబేళ్ల ఫారాల విషయంలోనూ అంతే. కోళ్లలా తాబేళ్లను పెంచి అమ్మితే అడవి తాబేలు బతుకుతుందని మొదట్లో ఆయనా నమ్మారు. తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. ఫారం మాంసం మార్కెట్లోకి వస్తే రుచి మరిగే జనం పెరుగుతారని, దొంగ వేటకూ అదే ముసుగవుతుందని భయపడ్డారు. పేరున్న ప్రొఫెసర్ ముందు చెప్పింది వెనక్కి తీసుకోవడం తేలికేం కాదు, ఆయన తీసుకున్నారు.

20 ఏళ్ల చిక్కుముడి

మన ఆలివ్ రిడ్లేకు దగ్గరి చుట్టం కెంప్స్ రిడ్లే. అది గుడ్లు ఎక్కడ పెడుతుందో తెలియక కార్ దాదాపు రెండు దశాబ్దాలు వెతికారు. అసలది గుడ్లు పెట్టనే పెట్టదని, రెండు జాతుల సంకరమని ఫ్లోరిడా జాలర్లు అనేవారు. చివరికి జవాబు ఇంకో యూనివర్సిటీ నుంచి వచ్చింది. టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ యూనివర్సిటీకి చెందిన హెన్రీ హిల్డెబ్రాండ్ 1961లో ఒక పాత ఫిల్మ్ వేసి చూపించారు. మెక్సికోలోని రాంచో న్యూవో బీచ్‌లో 1947లో ఒక ఇంజినీర్ తీసిన ఫిల్మ్ అది. పట్టపగలు ఒకే బీచ్‌పై దాదాపు 40 వేల తాబేళ్లు ఉన్నాయని అంచనా! గుట్టయితే వీడింది. కానీ అప్పటికే గుడ్ల దోపిడీ, తర్వాత రొయ్యల వలలు ఆ గుంపును ఊడ్చేశాయి. 1985లో అక్కడ లెక్కకు దొరికిన గూళ్లు 702.

చివరి ప్రశ్న

ఇసుకలోంచి బయటపడిన పిల్ల అలల్లోకి వెళ్లాక కొన్నేళ్లు ఎవరికీ కనిపించదు. ఎక్కడుంటుంది? ఇదే కార్‌ను జీవితాంతం వేధించిన ప్రశ్న. సముద్రంలో ప్రవాహాలు కలిసే చోట సర్గాసమ్ అనే నాచు తెట్టెలుగా తేలుతుంది. పిల్లలు వాటిని పట్టుకుని కొట్టుకుపోతూ, అందులో దొరికేది తింటూ పెరుగుతాయని ఆయన ఆధారాలు పోగు చేశారు. కానీ నాచును ఒకచోట చేర్చే ఆ ప్రవాహమే చెత్తనూ చేరుస్తుంది. తారు ముద్దలు, ప్లాస్టిక్ ముక్కలు.. పిల్లకు తిండి దొరికే చోటే విషమూ ఉంది. ప్లాస్టిక్ చెత్తపై ఆయన రాసిన పరిశోధన పత్రం 1987లో అచ్చయింది. అదే ఏడాది మే 21న క్యాన్సర్‌తో మైకనోపీలోని సొంతింట్లో కన్నుమూశారు.

అప్పటికే, 1986లో, ఫ్లోరిడా యూనివర్సిటీ ఆయన పేరుతో సముద్ర తాబేళ్ల పరిశోధన కేంద్రం పెట్టింది. దాన్ని నడిపించింది ఆయన శిష్యురాలు కరెన్ బ్యోర్న్‌డాల్. ఇంకో శిష్యుడు డేవిడ్ ఎరెన్‌ఫెల్డ్ 'కన్జర్వేషన్ బయాలజీ' జర్నల్‌కు తొలి ఎడిటర్. జీన్ మార్టిమర్ సీషెల్స్‌లో దశాబ్దాలు తాబేళ్లపై పనిచేశారు. ఒక్క మనిషి బీచ్ మీద ఎన్ని రాత్రులని తిరగగలడు? క్లాసులోంచి తయారైన మనుషులు ఇన్ని తీరాలకు వెళ్లారు.

టోర్టుగెరో 1975లో చట్టంతో నేషనల్ పార్క్ అయింది. 1971తో పోలిస్తే 2003 నాటికి అక్కడ పచ్చ తాబేళ్ల గూళ్లు 400 శాతానికి పైగా పెరిగాయని పరిశోధకులు తేల్చారు. ఫ్లోరిడా తూర్పు తీరంలో 1991లో కార్ పేరుతో అభయారణ్యం ఏర్పడింది. ఆ తీరంలో గూళ్లు లెక్కపెట్టేది సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ బృందం. 1980ల మొదట్లో పచ్చ తాబేలు గూళ్లు ఏడాదికి 50 కూడా దొరకని చోట ఇప్పుడు మంచి ఏడాదిలో వేలల్లో ఉంటున్నాయి. 2025 అక్టోబర్‌లో ఐయూసీఎన్ ప్రపంచ స్థాయిలో పచ్చ తాబేలును ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోంచి తీసేసింది.

కెంప్స్ రిడ్లే మాత్రం ఇంకా అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లోనే ఉంది. టోర్టుగెరోలో ఈ సీజన్‌లోనూ రాత్రిపూట కుర్రాళ్లు ట్యాగ్‌లు పట్టుకుని నడుస్తూనే ఉంటారు.