నగరశేఠు శాంతిదాసు జవేరీ

రాజ్యములు మారినను బంగారము మారదని వ్యాపారస్థుల ఇండ్లలో పెద్దలు చెప్పుచుందురు. నాణెములు చెల్లకపోవచ్చును, పత్రములు చిత్తుకాగితములు కావచ్చును, మూటలోని పసిడికి మాత్రము భయము లేదని నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు నిలుచునో తెలిసికొనవలెనన్నచో అహ్మదాబాదు నగరశేఠు శాంతిదాసు జవేరీ జీవితమును చూడవలెను. ఆయన పుట్టినది మొదలు పసిడిని, రత్నములను చేతబట్టినవాడు. ఊళ్లకు ఊళ్లు పాడుపడిన కరువును చూచెను. తాను కట్టించిన దేవాలయము చేయి దాటిపోవుట చూచెను. ఒక తండ్రి బిడ్డలు సింహాసనమునకై యుద్ధము చేయుట చూచెను.

శాంతిదాసు 16వ శతాబ్దపు చివరి భాగమున ఓస్వాల్ జైన కుటుంబమున జన్మించెను. తండ్రి సహస్రకిరణుడు మార్వాడు నుండి అహ్మదాబాదునకు వచ్చి రత్నముల వ్యాపారమున స్థిరపడెను. కుమారుడు ఆ వ్యాపారమును ఢిల్లీ, ఆగ్రా దర్బారుల వరకు పెంచెను. జహంగీరునకును, తరువాత షాజహానునకును ఆయన మేలైన రత్నములు అందజేయుచుండెను. ఆ కాలమున లోకమునకు వజ్రములు ముఖ్యముగా గోలకొండ రాజ్యము నుండియే, కృష్ణాతీరమునందలి కొల్లూరు మొదలగు గనుల నుండియే పోవుచుండెను. కనుక అహ్మదాబాదు జవేరీల త్రాసులలో తూగిన వజ్రములకు తెలుగునేలతో సంబంధము కలదు.

రత్నములతోపాటు శాంతిదాసునకు సరాఫు వ్యాపారము కూడ ఉండెను. హుండీలు నడిపెను, వడ్డీకి సొమ్మిచ్చెను. ఇంగ్లీషు కంపెనీవారు సైతము ఆయన వద్ద అప్పు తీసికొనిరి. 1635లో ఇంగ్లీషు ఓడదొంగలు ఎఱ్ఱసముద్రమున హిందూదేశపు వర్తకుల ఓడలను దోచిరి. అందులో శాంతిదాసు సరుకు కూడ పోయెను. ఆయన దర్బారులో తనకు గల పలుకుబడితోను, కంపెనీవారితో ఉన్న లావాదేవీలతోను గట్టిగా అడిగి నష్టములో చాలభాగము రాబట్టుకొనెను. పోయిన సొమ్మును తెచ్చినది పెట్టెలోని బంగారము కాదు, బజారులోని పరపతి.

అంతకు ముందే గుజరాతు దేశమునకు గొప్ప పరీక్ష వచ్చియుండెను. 1630లో వానలు పడలేదు. మరుసటి సంవత్సరము అతివృష్టి వలన ఉన్న పైరు కూడ పోయెను. విక్రమ సంవత్సరము 1687 కావున గుజరాతీయులు దానిని సత్యాశీ కరువు అందురు. ఒక్క గుజరాతులోనే ముప్పది లక్షలమంది చనిపోయిరని డచ్చివారు లెక్క వ్రాసిరి. ఎముకలను పొడిచేసి పిండిలో కలిపి అమ్మిరని షాజహాను చరిత్రకారుడు వ్రాసెను. చక్రవర్తి బుర్హాన్‌పురమున ప్రతి సోమవారము 5,000 రూపాయల చొప్పున 20 వారములు పంచిపెట్టించెను. అహ్మదాబాదులో బాధ మరింత ఎక్కువగా ఉన్నందున అచ్చట ఇంకను 50,000 రూపాయలు పంచవలెనని ఆజ్ఞాపించెను.

రత్నములకును, రొక్కమునకును పేరుబడిన నగరమది. అయినను ధాన్యము ఎందువలన రాలేదు? ఆ దినములలో ధాన్యము ఎడ్ల మీద రావలెను. దారి పొడవున గడ్డియు నీరును లేనిచో ఎద్దు నడవదు. మాళవము నుండి రావలసిన ధాన్యము బుర్హాన్‌పురమునందలి చక్రవర్తి సైన్యమునకు పోయెను. ఇట్టి స్థితిలో తులము బంగారమును చూపినను, ఎదుటివాని గాదెలో గింజ లేనప్పుడు వాడు ఏమి ఇచ్చును? అంతేకాక కరువు బజారులో నగలు అమ్మువారే కాని కొనువారుండరు. గింజ గలవాడు చెప్పినదే ధర.

దీనిని బట్టి బంగారము పనికిరానిదని తలచరాదు. దేశము నెమ్మదిగా ఉన్న కాలమున అది తన మాట నిలుపుకొనెను. అక్బరు కాలమున మొహరుకు తొమ్మిది, పది రూపాయలు పలుకగా, షాజహాను కాలమున 14 రూపాయల వరకు వచ్చెను. అనగా వెండి దాచినవాని కంటె పసిడి దాచినవాడే బాగుపడెను. కాని ఆ లాభమును కండ్ల చూచుటకు బజారు తెరచియుండవలెను, దారులు నడువవలెను.

శాంతిదాసు తన ధనమునంతయు పెట్టెలలో ఉంచలేదు. 1620 తరువాతి సంవత్సరములలో అహ్మదాబాదు చెంత బీబీపురమున చింతామణి పార్శ్వనాథుని దేవాలయమును కట్టించెను. 1638లో వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో దాని శోభను వర్ణించి వ్రాసెను. 1645లో రాకుమారుడైన ఔరంగజేబు గుజరాతు సుబేదారుగా వచ్చి దానిని మసీదుగా మార్పించెను. శాంతిదాసు ఆయుధము పట్టలేదు, ఊరు విడిచి పోలేదు. చక్రవర్తికి విన్నవించుకొనెను. 1648లో షాజహాను ఫర్మానా జారీచేసి, కట్టడమును శాంతిదాసునకు అప్పగించవలెననియు, ఎత్తుకొనిపోయిన రాళ్లు మొదలగు సామగ్రిని తిరిగి ఇప్పించవలెననియు ఉత్తరువు చేసెను. న్యాయము దొరకెను కాని దేవాలయమునకు పూర్వవైభవము రాలేదు. విలువ గలదెల్లయు తిరిగి కొనుటకు వీలుపడదని శాంతిదాసు ఆనాడు తెలిసికొనియుండును.

1657లో షాజహాను జబ్బుపడెను. నలుగురు కుమారులును సింహాసనమునకై లేచిరి. గుజరాతు సుబేదారుగా ఉన్న మురాదు బక్షు అహ్మదాబాదులో తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. సైన్యమునకు సొమ్ము కావలసివచ్చెను. శాంతిదాసు కుమారుడు మాణిక్‌చందు మొదలగు కుటుంబపు వారి నుండియు, వారి భాగస్థుల నుండియు ఐదున్నర లక్షల రూపాయలు అప్పుగా తీసికొనెను. దానిని అప్పని వ్రాసికొన్నను, కత్తి పట్టిన రాకుమారుడు అడిగినప్పుడు లేదని చెప్పుట ఎవరి తరము? పేదవాడు లేదని చెప్పి తప్పించుకొనగలడు. ఇంట బంగారమున్నదని ఊరంతయు ఎరిగిన వానికి ఆ వీలు లేదు.

1658 మే నెలలో సాముగఢ్ యుద్ధమున మురాదు, ఔరంగజేబు కలిసి గెలిచిరి. జూను నెలలో మురాదు ఆ బాకీని గుజరాతు రాబడి నుండి తీర్చవలెనని ఫర్మానా ఇచ్చెను. కొద్ది దినములకే మధుర దగ్గర ఔరంగజేబు తమ్ముని బంధించి ఖైదులో పెట్టెను. మురాదు వ్రాసి ఇచ్చిన పత్రమునకు ఇక విలువ ఏమున్నది?

దేవాలయమును చెరచినవాడే ఇప్పుడు చక్రవర్తి. అయినను వృద్ధుడైన శాంతిదాసు వెనుదీయక అతని దర్బారునకు పోయెను. కొత్త చక్రవర్తికి కూడ గుజరాతు వర్తకుల సహాయము కావలెను. మహాజనులు అంగళ్లు మూసినచో సుంకములు రావు, హుండీలు నడవవు. 1658 ఆగస్టులో ఔరంగజేబు ఆ బాకీలో ఒక లక్ష రూపాయలు ఖజానా నుండి ఇప్పించవలెనని ఉత్తరువు చేసెను. అహ్మదాబాదునకు తిరిగిపోయి, ప్రజలు నిర్భయముగా తమ వృత్తులు చేసికొనవచ్చునని వర్తకులకును మహాజనులకును చెప్పవలెనని శాంతిదాసునకే అప్పగించెను. ఐదున్నర లక్షలలో లక్ష అనగా అయిదవ వంతు కూడ లేదు. కాని ఓడిపోయినవాని అప్పును గెలిచినవాడు కొంతయైనను తీర్చుట ఎక్కడనో కాని జరుగదు. ఆ లక్షను రాబట్టినది శాంతిదాసు మాటకు ఊరిలో గల గౌరవము. మరుసటి సంవత్సరము, 1659లో, ఆయన కాలధర్మము చెందెను.

ఆయన నేర్చిన పాఠము మనుమని కాలమున అక్కరకు వచ్చెను. మొగలు రాజ్యము సడలిపోయిన 1725వ సంవత్సరమున మరాఠా సైన్యములు అహ్మదాబాదును దోచుకొనుటకు సిద్ధపడెను. శాంతిదాసు మనుమడు ఖుశాల్‌చందు తన సొంత ధనమును చెల్లించి వారిని మరలించెను. అతడు బంగారమును గోతిలో పాతిపెట్టినచో ఇల్లు తగలబడిన తరువాత గోయిని వెదకువారు వచ్చెడివారు. అతడు దానిని ఊరి ప్రాణముల కొరకు వెచ్చించెను. కృతజ్ఞులైన నగర వర్తకులు, ఊరిలో ముద్రపడు సరుకుపై నూటికి నాలుగణాల చొప్పున అతనికిని అతని సంతతికిని చెల్లుటకు పత్రము వ్రాసియిచ్చిరి. ఆ హక్కు తరతరములు సాగెను. 1894 నుండి 1980 వరకు జీవించిన ప్రసిద్ధ మిల్లు యజమాని కస్తూర్‌భాయి లాల్‌భాయి ఈ వంశమువాడే.

శ్రావకులకు ఐదవ అణువ్రతము ఆస్తికి హద్దు పెట్టుకొనుమని చెప్పును. అది పరలోకము కొరకు మాత్రమే చెప్పిన మాట కాదని ఈ చరిత్ర వలన తెలియును. బంగారము తుఫాను నడుమ గొడుగు కాదు. తుఫాను వెలిసిన తరువాత అంగడిని మరల తెరచుటకు పెట్టుబడి. తుఫాను నడుమ కాపాడునవి గాదెలో ధాన్యము, చెప్పిన మాట తప్పడను పేరు, పొరుగువాని మేలు కోరు బుద్ధి. శాంతిదాసు పెట్టెలలోని రత్నములు నేడు ఎవరి ఇంట ఉన్నవో చెప్పువారు లేరు. ఆయన పేరు మాత్రము అహ్మదాబాదులో నేటికిని నిలిచియున్నది.