గుంటూరు డాక్టరమ్మ



ఒక వానాకాలంలో మొయినాబాద్ మండలంలోని సురంగల్‌కు ఇండ్లు దర్శించడానికి వెళ్లాను. ఒక తల్లి విరేచనాలతో సోలిపోయిన పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ప్రార్థన చేయమని అడిగింది. చేశాను. బిడ్డకు నీళ్లు పడుతున్నారా అని అడిగితే, విరేచనాలు ఎక్కువవుతాయన్న భయంతో పొద్దుటినుండి మానేశారట. ఆ తల్లికి విశ్వాసం తక్కువ కాదు, ప్రేమా తక్కువ కాదు. తెలియజెప్పినవారు లేరు, అంతే. ఆ సాయంత్రం నాకు గుంటూరు డాక్టరమ్మ జ్ఞాపకం వచ్చారు.

ఆమె పేరు మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజులలో, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొంది, ఆ నగరంలోనే డాక్టరుగా స్థిరపడ్డారు.

1915 అక్టోబరులో ఒక ఆదివారం ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది స్కాట్లాండుకు చెందిన ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే డాక్టరమ్మను గురించినది. మన దేశంలో మగ డాక్టరు ఎదుటికి రాలేని స్త్రీలు కాన్పులలో ఎందరో చనిపోతున్నారని, వారి పసికందులూ దక్కడం లేదని మేరీకి తెలిసింది. తన పిలుపు ఇదేనని ఆమె మోకరించారు.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ కాలంలో మఠకన్యలు డాక్టరు వృత్తి చేయడాన్ని తిరుసభ చట్టం అనుమతించేది కాదు. 1920లో ఆమె గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో ప్రవేశించినప్పుడు పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మఠకన్యలందరికీ ఆ ద్వారం తెరుచుకున్నది 1936లో. అంటే మన డాక్టరమ్మ ఆ దారిలో ముందు నడిచినవారు!

సిస్టర్లు నడుపుతున్న చిన్న మందుల గది ఆమె చేతిమీదుగా సెయింట్ జోసఫ్ ఆస్పత్రిగా పెరిగింది. చాలా ఏండ్లు అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు. ఆస్పత్రికి రాలేనివారి కోసం పల్లెలకు తానే వెళ్లేవారు.

కాని ఎంత తిరిగినా ఒక్క మనిషి ఎన్ని ఊళ్లకు సరిపోతుంది? అందుకే ఆమె స్థానిక స్త్రీలకు మందులు కలపడం, రోగులను చూసుకోవడం, కాన్పులు చేయడం నేర్పించారు. ఆలోచించండి. మురికి కొడవలితో బొడ్డుతాడు కోస్తే బిడ్డకు ధనుర్వాతం వస్తుంది. ఉడికించిన కత్తెర, సబ్బుతో కడిగిన చేతులు ఉంటే చాలు, ఆ గండం చాలావరకు తప్పుతుంది. ఇది తెలిసిన మంత్రసాని ఊళ్లో ఒక్కరు ఉంటే, డాక్టరు దూరంగా ఉన్నా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

1943లో గుంటూరులో పదహారుమంది సిస్టర్లతో ఆమె కతోలిక ఆస్పత్రుల సంఘాన్ని స్థాపించారు. ఈనాడు ఆ సంఘం దేశమంతటా విస్తరించింది. దాని కేంద్ర కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1980వ దశకంలో ఆ సంఘం, ఆస్పత్రి నాలుగు గోడలు దాటి ఊరి ఆరోగ్యం ఊరివారి చేతనే కాపాడించాలని దృష్టి మళ్లించింది. డాక్టరమ్మ నాటిన విత్తనమే అది.

క్యాన్సరుతో బాధపడి 1957 మే 5న ఆమె బెంగళూరులో ప్రభునందు నిద్రించారు. ఆమె కలలు కన్న కతోలిక వైద్య కళాశాల 1963లో అదే నగరంలో వెలసింది. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ప్రియ సోదరీ సోదరులారా, దేహం వేరు, ఆత్మ వేరు అని విడదీసి మనం ఒకదానికి గుడిని, మరొకదానికి ఆస్పత్రిని అప్పగిస్తాం. అక్వినాసు పునీత తోమాసుగారు బోధించినట్లు మనిషి రెండు ముక్కలు కాదు, ఒక్కడే. బిడ్డ కోసం మోకరించిన చేతులే అన్నం కలిపే ముందు సబ్బుతో కడుక్కోవాలి. మంచినీటి కుండకు మూత పెట్టండి. బోరింగు చుట్టూ మురుగు నిలవనీయకండి. బిడ్డకు విరేచనాలైతే పాలు, నీళ్లు మాన్పించకండి. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా వేసి కలిపి, కొంచెం కొంచెంగా పట్టించండి. తగ్గకపోతే ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోండి.

సురంగల్ తల్లికి నేను ఆనాడు చెప్పింది ఇంతే. బిడ్డ కోలుకున్నాడు. మీరు చదివి ఊరుకోక, పక్కింటి తల్లికి కూడా చెప్పండి.