దేవుణ్ణే దూషించే ఆలోచనలు.. తనకిక క్షమాపణే లేదనుకున్నాడు.. ఆయన రాసిన పుస్తకం ఇప్పుడు 200కు పైగా భాషల్లో!

ఓసీడీ అనగానే మనకు గుర్తొచ్చేది పదే పదే చేతులు కడుక్కోవడమే. 2017లో శర్వానంద్ హీరోగా వచ్చిన మహానుభావుడు సినిమా చూసి నవ్వుకున్నవాళ్లకైతే ఓసీడీ అంటే అతిశుభ్రత. కానీ ఇందులో ఇంకో రకం కూడా ఉంది. చేతులు శుభ్రంగానే ఉంటాయి, మనసులోకే దారుణమైన ఆలోచనలు దూసుకొస్తాయి. గుళ్లో నిలబడితే దేవుడిపై బూతులు, పసిబిడ్డను ఎత్తుకుంటే కింద పడేస్తానేమోనన్న భయం. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. అలాంటి నరకాన్ని దాదాపు 370 ఏళ్ల కిందట అనుభవించి, దాచకుండా రాసిపెట్టిన వ్యక్తి జాన్ బన్యన్.

ఉప్పల్, బోడుప్పల్, నాచారం వైపు చర్చిలకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ పేరు కొత్త కాదు. తెలుగులో యాత్రికుని ప్రయాణము పేరుతో వచ్చిన పుస్తకం ఈయనదే. కానీ ఆ పుస్తకం వెనకున్న కథ తెలిసింది కొందరికే.

గిన్నెలకు మాట్లు వేసే కుటుంబం

బన్యన్ 1628లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది ఇత్తడి, రాగి గిన్నెలకు మాట్లు వేసే పని. కొడుకూ అదే నేర్చుకున్నాడు. 1644లో తల్లి చనిపోయింది. నెల తిరక్కుండానే చెల్లెలు కూడా పోయింది. ఆ ఏడాదే, పదహారేళ్ల వయసులో, అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యంలో చేరాడు. తిరిగొచ్చాక పెళ్లయింది. పెద్ద కూతురు మేరీ పుట్టుగుడ్డి.

బన్యన్‌కు ఊరి చర్చిలో గంటలు కొట్టడమంటే సరదా. అది పాపమేమో అనిపించి మానేశాడు. అయినా చూడ్డానికి వెళ్లేవాడు. గంట ఊడి మీద పడితే? దూలం కింద నిలబడ్డాడు. గోడకు తగిలి ఇటు పడితే? తలుపు దగ్గరకు జరిగాడు. మొత్తం గోపురమే కూలితే? అక్కణ్నుంచీ పారిపోయాడు.

తోసేసిన కొద్దీ తిరిగొచ్చే ఆలోచన

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. తాను ప్రాణంగా నమ్మిన క్రీస్తును అమ్మేయమంటూ ఒక ఆలోచన రావడం మొదలైంది. భోజనానికి కూర్చున్నా, పని చేసుకుంటున్నా అదే. ఏడాది పాటు వదల్లేదు. వచ్చిన ప్రతిసారీ మనసులోనే ససేమిరా అని జవాబు చెప్పేవాడు. ఎదురుగా మనిషి ఉన్నట్టు చేతులతో, మోచేతులతో తోసేసేవాడు. నోట్లోంచి దూషణ జారిపోతుందేమోనని గడ్డం కింద చెయ్యి పెట్టి బిగించుకునేంత పనయ్యేది.

ఒకరోజు పొద్దున పోరాడి పోరాడి అలసిపోయిన క్షణంలో, పోతే పోనీ అన్న భావన మెరుపులా మెదిలింది. అంతే! తాను దేవుణ్ణి అమ్మేసినట్టేనని నమ్మేశాడు. బైబిల్లో ఒక్క పూట తిండికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు తానేనని కుమిలిపోయాడు. దాదాపు రెండేళ్లు ఇదే నరకం.

ధైర్యం చేసి అడిగితే..

ఈ కథలో గుండె పిండేసే ఘట్టం ఇక్కడుంది. బన్యన్ ఎలాగో ధైర్యం చేసి ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాడు. ఆయన భక్తిపరుడు. తాను క్షమాపణ లేని పాపం చేశానేమోనని భయంగా ఉందని చెప్పుకున్నాడు. తనకూ అలాగే అనిపిస్తోందన్నాడు ఆ పెద్దాయన!

ఆయనకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆలోచనను కోరికగా, నేరంగా లెక్కేశాడు. ఎదుటి మనిషి ఆ ఆలోచనకు ఎంత వణికిపోతున్నాడో చూడలేదు. ఇవాళ్టికీ చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇదే.

బన్యన్‌ను అప్పట్లో ఏ డాక్టరూ పరీక్షించలేదు. కానీ ఆయన రాసిన లక్షణాలు ఈ రకం ఓసీడీతో సరిగ్గా సరిపోతాయంటారు నిపుణులు. 1978లో స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే పరిశోధకులు ఇలాంటి ఆలోచనలు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఎక్కువ మందికి వస్తాయని తేల్చారు. మామూలు మనిషి పట్టించుకోడు, అది పోతుంది. ఓసీడీ ఉన్నవాళ్లు దానికి అర్థం వెతుకుతారు, తోసేస్తారు, ప్రాయశ్చిత్తం చేస్తారు. తోసిన కొద్దీ తిరిగొస్తుంది. మనిషి దేన్ని ఎక్కువ ప్రేమిస్తే దాని మీదే దాడి చేస్తుంది.

నిజంగా అమ్మేశాడా?

బన్యన్ నెమ్మదిగా కోలుకుని ప్రసంగాలు మొదలుపెట్టాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660 నవంబర్‌లో అరెస్ట్ చేశారు. ఇకపై బోధించనని మాటిస్తే వదిలేస్తామన్నారు. ఇంట్లో భార్య, చూపులేని మేరీతో కలిపి నలుగురు పిల్లలు. అయినా ఒప్పుకోలేదు. బూట్ల లేసులు తయారుచేసి ఇంటికి డబ్బు పంపుతూ 12 ఏళ్లు జైల్లోనే ఉన్నాడు. క్షణంలో దేవుణ్ణి అమ్మేశానని ఏడ్చిన మనిషి, నిజంగా బేరం ఎదురైనప్పుడు అమ్మలేదు!

1666లో జైలు నుంచే తన మనసు కథ మొత్తం పుస్తకంగా తెచ్చాడు. దేవుడున్నాడా అన్న సందేహం ఇంకా వస్తుంటుందని కూడా అందులో ఒప్పుకున్నాడు. 1678లో యాత్రికుని ప్రయాణము వచ్చింది. అందులో చీకటి లోయలో నడుస్తున్న కథానాయకుడి వెనక ఒక దుష్టాత్మ చేరి చెవిలో దైవదూషణలు గుసగుసలాడుతుంది. అవి తన మనసులోంచే వచ్చాయని అతను భయపడిపోతాడు. తన చిన్ననాటి నరకాన్ని కాదు, తన యవ్వనాన్నే బన్యన్ అక్కడ పెట్టాడు.

1688లో ఒక తండ్రీకొడుకుల గొడవ తీర్చి వస్తూ వానలో తడిసి, జ్వరంతో ఆగస్టు 31న లండన్‌లో కన్నుమూశాడు.

మరి ఇప్పుడు?

బన్యన్‌కు లేని వైద్యం మనకుంది. ఆలోచనను తోసేయకుండా, ప్రాయశ్చిత్తం చేయకుండా ఎదుర్కోవడం నేర్పే థెరపీ ఉంది, మందులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య ఆస్పత్రిలో డాక్టర్లు చూస్తారు. ఎవరైనా మీ దగ్గరకొచ్చి ఇలాంటి ఆలోచన చెప్పుకుంటే కంగారుపడకండి, తీర్పు చెప్పకండి. డాక్టర్ దగ్గరకు వెంట వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.