కరవు కాలములో క్లౌ దొరగారు

ధ్యానభాగము: నెహెమ్యా 5:1–13



నెహెమ్యా యెరూషలేము గోడ కట్టుచుండగా పని మధ్యలో జనుల మొఱ వినబడెను. క్షామమువలన ధాన్యము కొరకు పొలములను ఇండ్లను కుదువపెట్టుకొన్నవారి మొఱ అది. గోడ ముగిసిన తరువాత చూతములెమ్మని అతడు వారిని పంపివేయలేదు. ఈ అధ్యాయము చదివినప్పుడెల్ల ఒంగోలు క్లౌ దొరగారు మాకు జ్ఞాపకమునకు వచ్చుదురు.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికా దేశములో న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో సర్వే పని నేర్చి భూములు కొలిచిరి. తరువాత చదువుకొని మిషనెరీగా 1865లో నెల్లూరికి, 1866లో ఒంగోలుకు వచ్చిరి. మొదట పెద్ద కులములవారు ఆయనను ఆదరించి తమ పిల్లలను బడికి పంపిరి. మాదిగ పల్లెలవారు క్రీస్తును నమ్ముకొని వచ్చునప్పటికి, వారిని చేర్చుకొనవద్దని ఆ పెద్దలే అడ్డుపడిరి. క్లౌగారు పేదలను విడువలేదు. బడి పోయినను సరేయనిరి.

ఆయన పేరు చెప్పగానే మన సంఘములలో అందరును 1878 జూలై 3వ తేదీని తలంతురు. ఒక్క దినమున గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి యొద్ద, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అది గొప్ప దినమే. అయితే ఆ దినమునకు ముందు గడచిన నెలలే ఇంకను గొప్పవని మా అభిప్రాయము. వాటిని గూర్చి మనము తక్కువగా చెప్పుకొందుము.

1876లోను మరుసటి యేటను వానలు తప్పెను. ధాత, ఈశ్వర సంవత్సరముల కరవని మన ముత్తాతలు చెప్పుకొనినది అదే. పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కుటవలన ఋతువులు తారుమారైనవని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అదే కాలమున చైనాలోను బ్రెజిల్‌లోను జనులు మలమల మాడిరి. మన దేశములో చనిపోయినవారు ఏబది లక్షలకు పైగా ఉందురని అంచనా. వారిలో అనేకులను చంపినది కేవలము ఆకలి కాదు. గంజికై ఊరూరు తిరిగి, దొరికిన నీరు త్రాగి, ఒకచోట గుంపులుగా పడియుండగా, చిక్కి శల్యమైన దేహములను కలరాయు జిగట విరేచనములును జ్వరములును పట్టుకొనెను.

అప్పటి ప్రభుత్వము కరవు పనులు పెట్టెను గాని, 1877లో రిచర్డ్ టెంపుల్ దొర ఖర్చు తగ్గింపదలచి మనిషి దినపు బత్తెమును సుమారు 450 గ్రాముల ధాన్యమునకు, ఒక అణాకు కుదించెను. మన్ను మోయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్‌గారు గట్టిగా వాదించిరి. కార్నిష్‌గారిదే న్యాయము.

ఆ సమయముననే కృష్ణా డెల్టా అంచున పెదగంజాము నుండి చెన్నపట్టణమునకు పోవు బకింగ్‌హాము కాలువ త్రవ్వకము సాగుచుండెను. మాదిగ పల్లెలవారికి పరుల మేస్త్రీల క్రింద పనికి పోవుటకు భయము. తిట్లు, దెబ్బలు, కోతపడిన కూలి వారెరుగుదురు. క్లౌగారు ఇంజనీరుల యొద్దకు పోయి మూడు మైళ్లకు పైబడిన భాగమును తామే కంట్రాక్టు తీసికొనిరి. మిన్నెసోటాలో నేర్చిన కొలత పని ఇప్పుడక్కరకు వచ్చెను. (సెమినరీలో మాకు ఎవరును గొలుసు పట్టుట నేర్పలేదు!) తాటాకు పాకలు లేచెను. బోధకులే మేస్త్రీలైరి. ఏ కులస్థుడైనను, ఏ మతస్థుడైనను గంప ఎత్తినవానికి కూలి దొరికెను. తిరుగులాడుట మాని ఒకచోట నిలిచి, కూలి డబ్బుతో వండుకొని తినగలిగినవారే ఎక్కువగా బ్రతికిరి.

అయినను కలరా ఆ శిబిరమును కూడ విడువలేదు. చనిపోయినవారుండిరి, భయముతో పారిపోయినవారుండిరి. ఆ రోగక్రిమిని కోహ్ పండితుడు కలకత్తాలో నిర్ధారించినది 1884లో గనుక, క్లౌగారి చేతనున్న మందులు అంతంతమాత్రమే. నేడు మన చేతనున్నది అంతకంటె మేలు: లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఏ తల్లియైనను కలుపగలదు. విరేచనములు పట్టిన బిడ్డకు ఆసుపత్రికి చేరువరకు మాటిమాటికి త్రాగింపవలెను.

ఈ సంగతి పాతదనుకొనకుడి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురము మునిగిపోయెను. నీరు దినముల తరబడి నిలిచెను. వీధి మొదట ఆహార పొట్లములు దిగినను, సందుల చివర కదలలేని వృద్ధులకును బాలింతలకును అవి చేరుట కష్టమాయెను. నీరు తీసిన తరువాత బురద, జ్వరములు. ఆటో నీట మునిగినవానికి ఆ ఇంటి కూడే మునిగినట్లు. ఆటోనగర్ షెడ్లలో పనిచేయు మన పల్లె పిల్లలు ఆ బాధ ఎరుగుదురు; ఇంజను విప్పి ఆరబెట్టి, బండి మరల రోడ్డెక్కువరకు ఆ కుటుంబమునకు మందు కొనుటకైనను చేతిలో పైకము ఉండదు. పొట్లముతో పాటు పనియు కావలెనని క్లౌగారు ఎరిగినది ఇందుకే.

ఆయన చేసిన మరియొక పని ఉన్నది. కాలువ గట్టున బోధకుల మాటలు విన్న వందలమంది బాప్తిస్మమియ్యుడని వచ్చి అడుగుచుండగా, క్లౌగారు సుమారు 15 నెలలు ఎవరికిని ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆగిరి. లండను నుండి వచ్చిన ధర్మనిధిలో విత్తనములకై ఇచ్చిన సొమ్ము పంచుట ముగిసిన పిమ్మట, ఇక మీకిచ్చుటకు నా యొద్ద ఏమియు లేదని చెప్పి వారిని పొమ్మనిరి. వారు పోలేదు. అప్పుడే నీటిలోనికి దిగిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606. కరవులో సాయమునకు మారుగా విశ్వాసమును అడిగియుండిన యెడల ఆ లెక్కకు విలువ ఏమి?

క్లౌగారు 1910లో అమెరికాలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించిరి. బెజవాడ నుండి చెన్నపట్టణమునకు ఆ కాలువ మీద నడచిన పడవలు తరువాత ఆగిపోయెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పెదగంజాము మొదలుకొని దక్షిణముగా సముద్రపు నీరు ఆ కాలువలోనికి ఎక్కి కొద్ది నిమిషములలో తిరిగి దిగిపోయెననియు, తీరమున ఉన్న బెస్త పల్లెలకు అది అడ్డుగా నిలిచెననియు శాస్త్రజ్ఞులు వ్రాసిరి.