యంత్రసాధకుడు బర్ట్ మన్రో

మన్రో యను పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగను, తరువాత చెన్నపురి గవర్నరుగను పనిచేసి, 1827లో పత్తికొండ ప్రాంతమున మరణించిన సర్ థామస్ మన్రోను రాయలసీమవారు మఱచిపోలేదు. అయితే మేమీ పుటలలో చెప్పబూనినది వేఱొక మన్రో చరిత్రము. ఈయన దేశములు పాలించినవాడు కాడు. సైన్యములు నడపినవాడు కాడు. కళాశాలలో యంత్రశాస్త్రము చదివినవాడును కాడు. భూగోళపటమున దక్షిణపు కొసయందలి యొక నగరములో, ఒక చిన్న షెడ్డున గూర్చుండి, ఒక్క మోటారు సైకిలు ఇంజనును నలువది యేండ్లకు పైగా విప్పుచు, సరిచేయుచు, మఱల బిగించుచు నుండిన పనివాడు. ఆ ఇంజనుతోనే తన 68వ యేట లోకము మెచ్చిన వేగమును సాధించెను. ఒక పనియందు మనసు నిలిచినచో సామాన్యుని చేతులు ఎంత చేయగలవో, అందులకు ఎంత వెల చెల్లింపవలసియుండునో, ఈ రెండును ఆయన జీవితమున మనకు కనబడును.

హెర్బర్ట్ జేమ్స్ మన్రో 1899వ సంవత్సరము మార్చి 25వ తేదీన న్యూజీలాండు దేశమున జన్మించెను. ఇన్వర్కార్గిల్ అనునది ఆయన నగరము; ఆ దేశపు నగరములలో మిక్కిలి దక్షిణముననున్నది అదియే. ఆయనతో కలిసి పుట్టిన కవల సోదరి పుట్టుకతోనే మరణించెను. మిగిలిన శిశువు సైతము రెండేండ్లకు మించి బ్రదుకడని వైద్యులు తలచిరి. ఆ శిశువు బ్రదికెను. తండ్రి వ్యవసాయదారుడు. ఆయన యెంత మందలించినను బాలుడు వినక, ఇంటిలోని గుఱ్ఱములలో మిక్కిలి వడిగలదాని నెక్కి పొలములవెంట పరువెత్తించుచుండెను. మొదటి ప్రపంచయుద్ధము ముగియువఱకు ఇంటిసేద్యమున తోడ్పడి, పిమ్మట కొంతకాలము ఓటీరా సొరంగపు నిర్మాణమున కూలిపని చేసి, తండ్రి పిలుపున మఱల పొలమునకు వచ్చెను. కాని ఆయన మనసు నాగలివెంట పోలేదు, చక్రములవెంట పోయెను.

1920లో ఆయన ఇండియన్ స్కౌట్ అను మోటారు సైకిలును కొనెను. పేరున ఇండియన్ అని యున్నను దానికి మన దేశముతో సంబంధము లేదు. అది అమెరికాలోని స్ప్రింగుఫీల్డు నగరమున తయారైన బండి. ఆ పేరు ఆ ఖండపు ఆదిమవాసులను ఉద్దేశించినది. స్కౌట్ రకపు బండ్లలో ఆ కర్మాగారమునుండి వెలువడిన 627వ బండి మన్రో చేతికి వచ్చెను. దాని ఇంజను రెండు సిలిండర్లది. పరిమాణము 600 సి.సి.; గరిష్ఠవేగము గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 89 కిలోమీటర్లు. ఆనాటి బాటలకు ఆ వేగము చాలియుండెను. మన్రోకు చాలలేదు. 1926లో ఆయన ఆ ఇంజనును విప్పి మార్చుటకు పూనుకొనెను. ఆ పని ఆయన వృద్ధాప్యము వఱకు ముగియలేదు.

ఇచ్చట మా విద్యార్థులకొఱకు ఇంజను తీరును కొంచెము వివరింతుము. సిలిండరనునది ఇనుప గొట్టము. దానిలో పిస్టను అను బిరడా క్రిందికిని మీదికిని కదలుచుండును. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి గొట్టములోనికి వచ్చి, అణచబడి, నిప్పురవ్వ తగిలి భగ్గుమని మండి పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టనునకు తగిలించిన కనెక్టింగు రాడ్డు ఆ నెట్టుడును ఇరుసునకు అందించి త్రిప్పును. వాయువులు లోనికి వచ్చుటకును వెలికి పోవుటకును వాల్వులను చిన్న తలుపులుండును. బండికి ఎక్కువ బలము కావలెనన్నచో గొట్టము వెడల్పు పెంచవలెను, లేక వాయువుల రాకపోకలు సుకరము చేయవలెను, లేక ఇంజనును మఱింత వడిగా త్రిప్పవలెను. గొట్టము వెడల్పును పదింట నొక వంతు పెంచినచో దాని పరిమాణము నూటికి 21 వంతులు పెరుగును. మన్రో యీ మూడు మార్గములను పట్టెను. మొదట సిలిండరు ప్రక్కనుండిన వాల్వులను తీసివేసి, వానిని నెత్తిన అమర్చునట్లు క్రొత్త తలలను స్వయముగా చేసెను. 600 సి.సి. ఇంజనును క్రమక్రమముగా పెంచి తుదకు 950 సి.సి. చేసెను.

వినుటకు ఇది సులభముగా తోచును. అయితే ఇంజను తిరుగు వడి రెండింతలైనచో దాని కదలెడు భాగములపై పడు ఒత్తిడి నాలుగింతలగును. నిమిషమునకు కొన్ని వేల పర్యాయములు పిస్టను పరుగిడి, ఆగి, వెనుకకు మఱలవలెను. ఒకచోట సరిచేసి బలము పెంచగా, ఆ బలమునకు ఓర్వలేక మఱియొకచోట విఱుగును. పిస్టను వేడికి ఉబ్బి గొట్టమున బిగిసిపోవును. రాడ్డు విఱిగి ఇంజను గోడను చీల్చుకొని వెలికి వచ్చును. కావున బలము పెంచుటయనగా ప్రతి బలహీనతను ఒకదాని వెనుక నొకదానిని వెదకి పట్టుటయే.

మన్రో యొద్ద పెద్ద కర్మాగారపు పనిముట్లు లేవు. కొనుటకు ధనమును లేదు. పాత లోహమును కఱగించి, డబ్బాలను అచ్చులుగా చేసికొని పిస్టనులను పోతపోసెను. పాత పోత ఇనుప గొట్టములనుండి సిలిండర్లను చేసెను. ట్రాక్టరు ఇరుసు ఉక్కును గంటల తరబడి చేతితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, కనెక్టింగు రాడ్లుగా మలచెను. బరువు చక్రములను, నూనె పాఱు ఏర్పాటును కూడ తానే చేసికొనెను. సన్నని కొలతలకు చక్రపు పాత స్పోకు నొకదానిని కొలబద్దగా వాడుకొనెను. పగలు మోటారు సైకిళ్లు అమ్ము ఉద్యోగము. రాత్రి షెడ్డులో పని. తెల్లవాఱువఱకు పనిచేసి, కనురెప్ప వాల్చకయే మఱల ఉద్యోగమునకు పోయిన దినములు పెక్కు. మన గ్రామములలోని కమ్మరి, వడ్రంగులను ఎఱిగిన మా చదువరులకు ఈ పనితనము పరాయిదిగా తోచదు. పనిముట్టు చిన్నదైనపుడు కన్నును చేయియు దానికి మాఱుగా పెద్దవి కావలసియుండును.

ఇంజను ఎన్ని పర్యాయములు ప్రేలి తునుకలయ్యెనో! అట్లు విఱిగిన పిస్టనులను, రాడ్లను, వాల్వులను ఆయన పాఱవేయలేదు. షెడ్డులో ఒక అలమారయందు వరుసగా పేర్చి, ఇవి వేగదేవతకు తాను సమర్పించిన నైవేద్యములని దానిపై వ్రాసి పెట్టెను. అది చూచి నవ్వినవారుందురు. కాని లోహమునకు వ్రాయను చదువను రాకపోయినను, తాను విఱిగినచోట తన దోషమును చెప్పుకొనును. పగులు ఎచ్చట మొదలైనది, లోహము కఱగినదా, నలిగినదా, అరిగినదా యని చూచువానికి తరువాతి తునకను ఎట్లు చేయవలెనో తెలియును. ఆ అలమారయే మన్రోకు గ్రంథాలయము.

ఈ సాధనకు వెల లేకపోలేదు. మేము దానిని దాచి చెప్పుట న్యాయము కాదు. 1927లో ఆయన వివాహమాడెను. నలుగురు బిడ్డలు కలిగిరి. రాత్రియు పగలును ఇంజనునకే అంకితమైన గృహస్థుని సంసారము నిలువలేదు. 1947లో ఆ దంపతులు విడాకులు పొందిరి. ఆ పిమ్మట ఉద్యోగమును సైతము విడిచి, షెడ్డునే ఇల్లుగా చేసికొని, ఇంజను ప్రక్కనే నిదురించుచు కాలము గడపెను. ఘనకార్యములు చేసినవారి చరిత్రములను చదువునపుడు ఆ కార్యముల నీడ ఎవరిమీద పడినదో కూడ చూచుట మనకు మంచిది.

ఆయన తన బండిని ఇన్వర్కార్గిల్ చెంతనున్న ఓరెటీ సముద్రపు టిసుకపై పరీక్షించుచుండెను. 1938లో న్యూజీలాండు దేశపు వేగపు రికార్డులలో నొకదానిని తొలిసారిగా గెలుచుకొనెను. తరువాత మఱి కొన్నిటిని గెలిచెను. 1950 దాటిన పిమ్మట గుండెనొప్పి బయలుదేరెను. అనేకులు ఆ వయసున విశ్రాంతి గోరుదురు. మన్రో సముద్రము దాటి పోవుటకు సిద్ధపడెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బొన్నెవిల్ అను ఉప్పు మైదానము గలదు. పూర్వము మహాసరస్సుగా నుండి ఎండిపోయిన ఆ ప్రదేశము, సముద్రమట్టమునకు సుమారు 4,200 అడుగుల ఎత్తున, కనుచూపు మేర తెల్లగా, చదునుగా నుండును. వేగమును కొలుచుటకు లోకమున అంతకు మించిన తావులు అరుదు. అచ్చట ఒక దిక్కున పోయి సాధించిన వేగము చాలదు. ఎదురు దిక్కున మఱల పరుగిడవలెను. రెండు పరుగుల సగటునే రికార్డుగా వ్రాయుదురు. గాలివాటమున గెలిచితినని యెవడును చెప్పుకొనరాదు.

గాలి యెదురొత్తు వేగము పెరిగినకొలది ప్రబలమగును. వేగము రెండింతలు కావలెనన్నచో ఎనిమిదింతల బలము కావలెను. మొదటి 55 మైళ్లనుండి 183 మైళ్లకు పోవుటకు, బండి ఆకారము మాఱకున్నచో, సుమారు 37 రెట్ల బలము కావలసియుండును. చిన్న ఇంజనునకు అది అసాధ్యము. కావున మన్రో గాలిని చీల్చుకొని పోవునట్లు చేపవంటి పొడవైన కవచమును బండికి తొడిగి, దానిలో బోరగిల పండుకొని నడపెను.

1962లో, 63వ యేట, 850 సి.సి. ఇంజనుతో గంటకు 288 కిలోమీటర్ల వేగమును పొంది, 883 సి.సి. తరగతిలో రికార్డు నెలకొల్పెను. 1966లో 920 సి.సి. ఇంజనుతో 1,000 సి.సి. తరగతిలో 168 మైళ్లు సాధించెను. 1967లో ఇంజను 950 సి.సి.కి పెరిగెను. ఆ యేట 1,000 సి.సి. లోపు తరగతిలో ఆయన వేగము గంటకు 183.586 మైళ్లుగా లెక్కవ్రాయబడెను. అర్హతకొఱకు ఒక దిక్కున చేసిన పరుగులో 190.07 మైళ్ల వేగమును సైతము అందుకొనెను. అప్పటికి నడపినవానికి 68 ఏండ్లు. నడచిన బండికి 47 ఏండ్లు. ఆ ఇంజనులో కర్మాగారమువారు చేసిన భాగములకంటె మన్రో చేతి పనియే ఎక్కువగా నుండెను.

1977లో పక్షవాతము వచ్చి చేతులలో పూర్వపు పటుత్వము తగ్గెను. అంతట ఆయన తన బండ్లను దూరదేశములకు పోనీయక, స్వస్థలముననే నిలుచునట్లు ఆ నగరపు వర్తకునికి అమ్మెను. 1978 జనవరి 6వ తేదీన ఇన్వర్కార్గిల్‌లో కన్నుమూసెను. 2005లో ఆయన కథను రోజర్ డొనాల్డ్‌సన్ చలనచిత్రముగా తీయగా, ఆంథొనీ హాప్కిన్స్ మన్రో వేషము ధరించెను. దానివలన ఆయన పేరు దేశదేశముల వ్యాపించెను.

ఇంకొక ముచ్చట చెప్పవలసియున్నది. ఆయన మరణించిన 36 ఏండ్లకు, 1967 నాటి అంకెలను కుమారుడు జాన్ మఱల లెక్కించి చూచెను. రెండు పరుగుల సగటు కట్టుటలో ఆనాడు పొరపాటు జరిగినట్లు కనుగొనెను. రికార్డులు చూచు అమెరికా సంఘమువారు దానిని అంగీకరించి, 2014లో ఆ వేగమును 184.087 మైళ్లుగా సవరించిరి. హెచ్చినది మైలులో సగము మాత్రమే. కాని ఒక వెండ్రుకవాసి తేడాకై రాత్రులు మేలుకొన్న తండ్రికి ఇంతకంటె తగిన శ్రాద్ధమేమి యుండును? కూడికయు భాగహారమును విసుగు పుట్టించు పాఠములని తలచు మా బాలురు ఈ సంగతిని గుఱుతుంచుకొందురుగాక.

విద్యార్థులారా, ఆ వేగము జనసంచారము లేని ఉప్పు మైదానమునకు చెందినది. మన బాటలకు చెందినది కాదు. మీరు మన్రో వద్ద నేర్వవలసినది ఆయన ఓపికను. తలిదండ్రులారా, మీ బిడ్డ పాత గడియారమునో సైకిలునో విప్పి, చేతులు నూనె చేసికొని కూర్చుండినచో వెంటనే కోపింపకుడు. దానిని మఱల బిగించువఱకు లేవరాదని మాత్రము ఆజ్ఞాపింపుడు. ఏదైన విఱిగినచో, ఆ తునకను పాఱవేయుటకు ముందు ఒకసారి వెలుతురున పట్టి, అది ఎచ్చట విఱిగినదో చూడమని చెప్పుడు.