మన రామగిరి కవి మడికి సింగన

మన మండలం పేరు రామగిరి. అడ్మిషన్ ఫారం మీద ఆ పేరు రాసినవాళ్ళం, సెలవు దొరికితే ఖిల్లా ఎక్కి ఫోటోలు దిగినవాళ్ళం మనలో చాలామందే ఉన్నాం. సెంటినరీ కాలనీ అనగానే ఎవరికైనా బాయిపని, ఓపెన్‌కాస్ట్, సింగరేణి క్వార్టర్లే గుర్తొస్తాయి. కానీ 1889లో సింగరేణి బొగ్గు తవ్వకాలు మొదలవడానికి నాలుగున్నర శతాబ్దాల ముందే రామగిరి పేరు తెలుగు సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. ఎక్కించినవాడు మడికి సింగన.

సింగన తాత అల్లాడమంత్రి, తండ్రి అయ్యలమంత్రి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అది కొలువుల్లో మంత్రిపదవి చేసిన కుటుంబం. రాజుకు సలహా చెప్పడం, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఊరుకోవాలో తెలియడం ఆ ఇంట్లో బతుకుతెరువు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగునేల ముక్కలైంది. కోటకో దొర వెలిశాడు. మన ప్రాంతాన్ని అప్పుడు సబ్బినాడు అనేవాళ్ళు. రామగిరిని ముత్తభూపాలుడు ఏలుతుండేవాడు. ఆయన మంత్రి కందనామాత్యుడు సింగనను ఆదరించాడు. 1420లో సింగన పద్మపురాణం ఉత్తరఖండాన్ని తెలుగు చేసి ఆ మంత్రికే అంకితమిచ్చాడు.

భాగవతంలోని దశమస్కంధాన్ని ద్విపదలో రాశాడు. వాసిష్ఠ రామాయణం కూడా రాశాడు. అందులో రాముడు యుద్ధం చేసే వీరుడు కాదు, దేనిమీదా మనసు నిలవక దిగాలుపడ్డ కుర్రాడు. వసిష్ఠుడు అతన్ని కోప్పడకుండా కూర్చోబెట్టి, కథలు చెప్పి దారిలో పెడతాడు. ఎదిగే పిల్లలకు పెద్దలు ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్న ఆలోచన సింగనకు బాగా పట్టినట్టుంది. ఆయన పేరు నిలబెట్టిన నాలుగో పుస్తకం మాత్రం ప్రధానంగా రాజనీతి గురించి. అదే సకలనీతిసమ్మతము.

ఈ పుస్తకంలో సింగన గొప్పదనం కొత్త నీతులు చెప్పడంలో లేదు. తనకంటే ముందువాళ్ళు చెప్పినవాటిని వెతికి, ఏరి, విషయాలవారీగా పేర్చడంలో ఉంది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, శివదేవయ్య పురుషార్థసారం, ముద్రామాత్యం, కామందకం, పంచతంత్రం ఇట్లా ఎన్నో పుస్తకాల నుంచి పద్యాలు తీసుకున్నాడు. తెలుగులో మొట్టమొదటి సంకలనం ఇదేనని సాహిత్య చరిత్రకారులు చెప్తారు.

అది చదివే ముందు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాలపు నీతి అన్న మాట మన మోరల్ సైన్స్ పీరియడ్ కాదు. నడిపించడం అనే అర్థమున్న ధాతువు నుంచి నీతి వచ్చింది. వినయం కూడా అక్కడి నుంచే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మొదటి భాగం పేరు వినయాధికారికం. అక్కడ వినయం అంటే తలవంచుకుని నిలబడటం కాదు, రాజకుమారుడికి ఇచ్చే శిక్షణ. మర్యాద అంటే మొదట హద్దు, గట్టు. హద్దు దాటకుండా ఉండటం తర్వాత మర్యాదైంది. నడత, నడవడి అయితే అచ్చంగా నడక నుంచి పుట్టినవే. శిక్ష సంగతి మరీ విచిత్రం. దానికి అసలు అర్థం నేర్పడం. నేర్పేవాళ్ళ చేతిలో బెత్తం ఎక్కువసేపు ఉందేమో, చివరికి తెలుగులో దండనే మిగిలింది!

ఇది మన ఒక్కరి కథే కాదు. సింగన కాలంలోనే ఇంగ్లండులో కూడా దొరల ఇళ్ళలో పెరిగే పిల్లలకు మర్యాదలు నేర్పే పుస్తకాలు రాశారు. పెంపకాన్నీ మంచి నడతనీ కలిపి వాళ్ళు నర్చర్ అనేవాళ్ళు. థ్యూస్ అంటే అప్పట్లో మంచి గుణాలు. తర్వాత ఆ మాటకు కండబలం అన్న అర్థం వచ్చింది. మనకు నేర్పు దెబ్బగా మారితే, వాళ్ళకు గుణం కండగా మారింది. పిల్లల్ని పెంచే మాటల్ని జాగ్రత్తగా చూసుకోకపోతే అవి ఎటు పోతాయో చెప్పలేం.

సింగన చేసిన మేలు ఆయన పోయాక ఎంతో కాలానికి తెలిసింది. ఆయన చూసిన పుస్తకాలు కొన్ని తర్వాత మాయమైపోయాయి. ముద్రామాత్యం పూర్తిగా దొరకలేదు. దానిలోని కొన్ని పద్యాలైనా మనకు మిగిలాయంటే కారణం సింగన సంకలనమే. ఆ సంకలనం కూడా తాళపత్రాల్లోనే ఉండిపోయేది. 1923లో మానవల్లి రామకృష్ణకవి దాన్ని అచ్చు వేయించాడు.

ఇక్కడ మనకు కొంచెం సిగ్గేసే విషయం ఒకటుంది. సింగన ఏయే పుస్తకాల నుంచి పద్యాలు తీసుకున్నాడో వాటి పేర్లు చెప్పాడు. తనవిగా చెప్పుకుంటే ఆ రోజుల్లో పట్టుకునేవాడెవడు? ఆరువందల ఏళ్ళ కింద, నెట్ లేని కాలంలో, ఆ మనిషికి ఆ పట్టింపు ఉంది. రికార్డు సబ్మిట్ చేసే ముందు రాత్రి హాస్టల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఒకడి రికార్డు పది గదులు తిరిగి, పదిమంది పేర్లతో తెల్లారుతుంది. నేనూ ఆ పదిమందిలో ఒకణ్ణే. ఇది రాస్తున్నప్పుడు ఆ సంగతే మాటిమాటికీ గుర్తొచ్చింది.

సింగన ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో తేదీలు లేవు. పేరుతో కలిసి మిగిలింది రాసిన పుస్తకాలు, ఆదరించిన ఊరు. ఆ ఊరి గుట్ట మన దగ్గరే ఉంది. ఈసారి ఖిల్లా ఎక్కినప్పుడు గోడ మీద మన పేర్లు చెక్కకుండా, ఎవరి మాట వాళ్ళకు అప్పజెప్పిన ఈ పెద్దమనిషి పేరు ఒక్కసారి తలుచుకుందాం.