మూడో ప్రయత్నం

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుడి జీవితం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నాకు గుర్తొచ్చిన పేరు పాల్ ఆండర్సన్. మనవైపు అంతగా వినబడని పేరే గానీ, బరువులెత్తే లోకంలో ఆయన్ను ఎరగనివారు తక్కువ. ఆయన గెలుపుకన్నా, అంతకు ముందరి రెండు ఓటములే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి.

ఆండర్సన్ 1932 అక్టోబరు 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా అనే చిన్న ఊళ్లో పుట్టారు. పసితనంలోనే మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. అయినా పెరిగి బలిష్ఠుడై, ఫుట్‌బాల్ ఆటగాడిగా ఫర్మన్ విశ్వవిద్యాలయంలో చేరారు. కానీ అక్కడ చదువు పూర్తి చేయలేదు. తర్వాత టెనెసీ రాష్ట్రంలో బాబ్ పీపుల్స్ అనే రైతు బలశాలి పరిచయమయ్యారు. అక్కడినుంచి బరువులే ఆయన లోకమయ్యాయి.

ఆయన సాధనలో ఒక పద్ధతి ఇంజనీరుగా నాకు ఎంతో నచ్చుతుంది. నేలలో గొయ్యి తవ్వి, దానికి అడ్డంగా పెద్ద బరువు పెట్టి, తాను గోతిలో నిలబడేవారు. లోతులో ఉంటారు కాబట్టి మోకాళ్లు కొద్దిగా వంచితే చాలు, బరువు భుజాలకు అందేది. రోజులు గడిచేకొద్దీ గోతిలో కొంచెం కొంచెం మట్టి పోసేవారు. కాళ్ల కింద నేల పైకి వచ్చినకొద్దీ, మరింత కిందికి కూర్చుని లేవాల్సి వచ్చేది. లేవలేని బరువును ఆయన తగ్గించలేదు, లేవాల్సిన దూరాన్ని తగ్గించి మళ్లీ పెంచుకుంటూ వచ్చారు.

1955 జూన్‌లో మాస్కోలో, వాన పడుతుండగా, వేలాది ప్రేక్షకుల ముందు 182.5 కిలోలు తలపైకి ఎత్తి రష్యన్లను విస్మయపరిచారు. ఆ ఏడాదే మ్యూనిక్‌లో మొత్తం 512.5 కిలోలతో ప్రపంచ విజేత అయ్యారు. మరుసటి ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం ఆయనదేనని అందరూ అనుకున్నారు.

తీరా పోటీనాటికి చెవిలో ఇన్‌ఫెక్షన్, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ రోజుల్లో మూడు విభాగాలుండేవి. మొదటిదైన ప్రెస్‌లో అర్జెంటీనాకు చెందిన హంబెర్టో సెల్వెట్టి 175 కిలోలు ఎత్తితే, ఆండర్సన్ 167.5 దగ్గరే ఆగిపోయారు. స్నాచ్‌లో ఇద్దరూ 145. క్లీన్ అండ్ జెర్క్‌లో సెల్వెట్టి 180 ఎత్తి 500తో ముగించారు. ఆండర్సన్ గెలవాలంటే 187.5 ఎత్తితీరాలి. అంతకన్నా తక్కువ ఎత్తితే బంగారం రాదు.

మొదటి ప్రయత్నం విఫలం. రెండోదీ విఫలం. ఒకసారి బార్‌కు ఎక్కించిన బరువును దించడానికి నిబంధనలు ఒప్పుకోవు. మూడోదీ తప్పితే పతకం మాట అటుంచి, ఆ పోటీలో మొత్తమే ఉండదు. మూడోసారి బరువు పైకి లేచింది, నిలిచింది. మొత్తాలు సమానమయ్యాయి. సమానమైతే అప్పట్లో తక్కువ శరీర బరువున్నవారినే విజేతగా ప్రకటించేవారు. ఆండర్సన్ 137.9 కిలోలు, సెల్వెట్టి 143.5. బంగారం ఆండర్సన్‌కు దక్కింది.

అయితే మూడో ప్రయత్నం అందరికీ ఫలించదు. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి బంగారం కోసం చివరిసారి 137.5 కిలోలకు వెళ్లారు. లేవలేదు, కాంస్యం వచ్చింది. కానీ ఆమె ధైర్యాన్ని చిన్నబుచ్చే తెలుగువాడు ఎవరున్నారు?

ఆండర్సన్‌కూ ఆ తర్వాత అన్నీ కలిసిరాలేదు. ప్రదర్శనలిచ్చి డబ్బు తీసుకున్నారన్న కారణంతో 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పాల్గొననివ్వలేదు. ఆ ప్రదర్శనలనే ఆయన మరో పనికి వాడుకున్నారు. 1961లో భార్య గ్లెండాతో కలిసి జార్జియాలోని విడేలియాలో, దారితప్పి కోర్టుదాకా వెళ్లిన కుర్రాళ్లకు జైలుకు బదులుగా ఒక ఇల్లు ఏర్పాటు చేశారు. ఊరూరా బరువులెత్తి దాన్ని పోషించారు. రెండుసార్లు ఓడినవాడికి మూడో అవకాశం విలువ తెలుసు మరి. చిన్ననాటి మూత్రపిండాల జబ్బు చివరికి తిరగబెట్టింది. 1983లో ఆయన సోదరి తన మూత్రపిండాన్ని ఇచ్చారు. 1994 ఆగస్టు 15న ఆయన కన్నుమూశారు. ఆ ఇల్లు ఆయన తర్వాతా నడిచింది.

సివిల్ ఇంజనీర్లం కాంక్రీటు దిమ్మెలను పగిలేదాకా నొక్కుతాం. ఎంత బరువుకు పగిలింది, పగుళ్లు ఎటు పోయాయి అన్నదే మాకు కావాలి. ఈ సంగతి నేను మొదట నేర్చుకున్నది కాలేజీలో కాదు, మన బడిలోనే. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో తప్పాను. మాస్టారు తిట్టలేదు. పేపరు నా చేతికే ఇచ్చి, ప్రతి లెక్కలో తప్పు ఏ వరుసలో మొదలైందో గుర్తించి తెమ్మన్నారు. మూడు లెక్కల్లో ఒకే తప్పు. కుండలీకరణాలు తీసేటప్పుడు మైనస్ గుర్తు మార్చకపోవడం! అంతదాకా నాకు లెక్కలే రావనుకున్నాను. రానిది ఆ ఒక్క గుర్తే.

ఈ సంచిక చదివే మిత్రుల ఇళ్లలో ఈ ఏడాది ఏదో ఒకటి తప్పిన పిల్లవాడో, పిల్లో ఉండవచ్చు. ఇప్పుడు పాఠాలు చెబుతున్న గురువుల ముందు తప్పకుండా ఉంటారు. మార్కులు అడిగే ముందు, తప్పు ఏ వరుసలో మొదలైందో పక్కన కూర్చుని చూడండి. అవసరమైతే గోతిలో ఇంకో పిడికెడు మట్టి పోయండి.



— 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి